సలహాదారు కెరీర్‌లో చూడాల్సినవి: ఏ హోదా, ఏ ఏడాది, ఎంత వాటా

బెంగళూరు స్టార్టప్‌లు పెట్టుబడి కోసం తయారుచేసుకునే స్లైడ్లలో సలహాదారులకు ఒకటి కేటాయించి ఉంటుంది. నాలుగైదు గుండ్రటి ఫొటోలు, ఫొటో కింద పేరు, పేరు కింద పెద్ద కంపెనీల లోగోలు. పెద్ద మొత్తాలు పెట్టే ఫండ్లవాళ్లు ఆ స్లైడ్‌ను అర నిమిషంలో దాటేస్తారు. దాన్ని ఎక్కువగా నమ్మేది ఉద్యోగంలో చేరబోయేవాళ్లు. బెళ్లందూరులోనో వైట్‌ఫీల్డ్‌లోనో పెద్ద కంపెనీలో ఏడాదికి 40 లక్షలు తెచ్చుకుంటున్న తెలుగు ఇంజనీరు 28 లక్షల జీతానికి ఒప్పుకొని, మిగతాది ఈసాప్‌ల (ఉద్యోగులకు కంపెనీ ఇచ్చే వాటా హక్కుల) మీద ఆశతో వదులుకుంటున్నాడంటే, "అంతటివాళ్లు వెనక ఉన్నారు కదా" అన్న ధైర్యం అందులో సగం ఉంటుంది. ఏంజెల్‌గా, అంటే సొంత డబ్బులోంచి ఐదో పదో లక్షలు పెట్టేవాళ్లదీ అదే ధైర్యం.

ఆ ధైర్యానికి ఆధారం ఉందో లేదో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ఒక సాయంత్రం పట్టే పని. సలహాదారు ఏ కంపెనీలో పనిచేశారన్నది మొదటి మెట్టు మాత్రమే. ఆ కంపెనీ ఏ దశలో ఉన్నప్పుడు ఆయన అక్కడున్నారు, ఏ నిర్ణయాలు ఆయన చేతిలో ఉండేవి, ఇవాళ ఈ చిన్న కంపెనీలో ఆయనకు పోయేదీ వచ్చేదీ ఏమిటి అన్నవి తెలిస్తేగానీ ఆ పేరుకు విలువ కట్టలేం.

ఒక పరిచయ వాక్యాన్ని విప్పి చూస్తే

మచ్చుకు ఇలాంటి వాక్యం తీసుకుందాం: "22 ఏళ్ల అనుభవం, ఒక అంతర్జాతీయ బ్యాంకు టెక్నాలజీ విభాగంలో మాజీ వైస్ ప్రెసిడెంట్, ఫ్లిప్‌కార్ట్ మాజీ, 40 స్టార్టప్‌లలో ఇన్వెస్టర్." ఇందులో అబద్ధం ఒక్కటీ లేకపోవచ్చు. అయినా చదివేవాడికి అర్థమయ్యేది ఒకటి, వాస్తవం ఒకటి కావచ్చు.

వైస్ ప్రెసిడెంట్ అనగానే కంపెనీలో రెండో మూడో స్థానం అనుకుంటాం. అమెరికన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల బెంగళూరు కార్యాలయాల్లో అది మధ్య స్థాయి హోదా. పదేళ్లు అటూ ఇటూ అనుభవం ఉన్నవాళ్లకు వస్తుంది, దాని పైన ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్, మేనేజింగ్ డైరెక్టర్ ఉంటారు. కింద బృందం లేకుండా, కోడ్ రాస్తూనే వైస్ ప్రెసిడెంట్‌గా ఉన్నవాళ్లు అక్కడ చాలామంది. సాఫ్ట్‌వేర్ ప్రొడక్ట్ కంపెనీలో అదే పేరున్న మనిషి కింద వందలమంది ఉండవచ్చు. డైరెక్టర్ అన్న మాటా అంతే. ఇంజనీరింగ్ డైరెక్టర్ ఉద్యోగి. కంపెనీల చట్టం ప్రకారం డైరెక్టర్ అంటే బోర్డులో నియమితుడైనవాడు. పరిచయాల్లో ఈ రెండూ ఒకే మాటలో కలిసిపోతాయి.

"ఫ్లిప్‌కార్ట్ మాజీ" అన్నదాన్ని ఏడాది లేకుండా చదవకూడదు. అమెజాన్‌లో పనిచేసి వచ్చిన సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ 2007లో ఆ కంపెనీ పెట్టారు. సరుకు చేతికి వచ్చాక డబ్బు తీసుకునే పద్ధతిని 2010లో తెచ్చారు. 2014లో మింత్రాను కొన్నారు, అదే ఏడాది అక్టోబరులో మొదటి బిగ్ బిలియన్ డే జరిపారు. 2018లో వాల్‌మార్ట్ 16 బిలియన్ డాలర్లకు 77 శాతం వాటా తీసుకుంది. 2009లో చేరినవాళ్లకు చేతిలో డబ్బు లేనప్పుడు, పద్ధతులేవీ లేనప్పుడు పని ఎలా నడుస్తుందో తెలుసు. 2014లో ఉన్నవాళ్లకు ఒక్క రోజులో విరుచుకుపడే ఆర్డర్లను సిస్టమ్ ఎలా తట్టుకోవాలో తెలుసు. 2019లో చేరినవాళ్లకు తెలిసింది పెద్ద సంస్థ క్రమశిక్షణ. ముగ్గురిదీ నిజమైన అనుభవమే. పన్నెండుమంది ఉన్న కంపెనీకి మొదటిది కావాలి, మూడోది దాదాపు అక్కరకు రాదు.

ఇక 40 స్టార్టప్‌లు. నెలకు 160 పని గంటలనుకుంటే, వేరే పనేదీ పెట్టుకోకపోయినా ఒక్కో కంపెనీకి నాలుగు గంటలు. ఆయన మరోచోట ఉద్యోగం కూడా చేస్తుంటే ఆ నాలుగు గంటలు కూడా దక్కవు. సంఖ్య పెరిగేకొద్దీ ఆయన సలహాదారుగా తరిగిపోతారు. ఆ సంఖ్య చిన్న చెక్కులు చాలా రాశారని చెబుతుంది, అంతే.

చదువు వరుసలో ఐఐఎం అని కనిపిస్తే అది రెండేళ్ల కోర్సా, కొద్ది నెలల ఎగ్జిక్యూటివ్ ప్రోగ్రామా చూడాలి. "విజయవంతమైన ఎగ్జిట్" (కంపెనీని అమ్మి బయటపడటం) అని ఉంటే ఎవరు కొన్నారు, కొన్న తర్వాత ఆ ప్రొడక్ట్ బతికిందా, లేక బృందాన్ని ఉద్యోగాల్లోకి తీసుకుని ప్రొడక్ట్‌ను మూసేశారా అడగాలి.

సర్వీసెస్, జీసీసీ, ప్రొడక్ట్: మూడు బడులు, మూడు పాఠాలు

బెంగళూరు, చెన్నైలలో సలహాదారులుగా కనిపించే టెక్నాలజీ పెద్దల్లో ఎక్కువమంది మూడు దారుల నుంచి వచ్చినవాళ్లు. ఈ తేడా మిగతా అన్నిటికంటే ముఖ్యం. పొరపాట్లు ఎక్కువ జరిగేదీ ఇక్కడే.

మొదటి దారి ఐటీ సర్వీసెస్. 1981లో పుణెలో పుట్టి 1983లో బెంగళూరుకు వచ్చిన ఇన్ఫోసిస్ వంటి కంపెనీల్లో ఎదిగినవాళ్లకు పెద్ద బృందాలను నడపడం, విదేశీ క్లయింటుతో ఒప్పందం కుదర్చడం, గడువులోగా డెలివరీ చేయడం కొట్టినపిండి. బెంచ్ మీద (ప్రాజెక్టు లేకుండా) ఎంతమంది ఉన్నారు, బిల్లింగ్‌లో (క్లయింటు డబ్బు కట్టే పనిలో) ఎంతమంది ఉన్నారు అన్న లెక్క వాళ్లకు నిద్రలో కూడా తెలుసు. అక్కడ క్లయింటు ఏది అదనంగా అడిగినా ఆదాయమే, అదనపు మనిషి-నెలలకు బిల్లు వేస్తారు. అదే అలవాటుతో ప్రొడక్ట్ కంపెనీకి సలహా చెబితే, "పెద్ద కస్టమరు అడిగాడు, చేసిపెట్టండి" అంటారు. మొదటి కస్టమరు కోసం అప్రూవల్ స్క్రీను మారుతుంది, రెండో కస్టమరు కోసం రిపోర్టు ఫార్మాటు, మూడోవాడి కోసం డేటాబేసులో కొత్త కాలమ్. ఏడాది తిరిగేసరికి కస్టమరుకో కోడ్ బ్రాంచ్, అంటే విడి కాపీ తయారవుతుంది. ఒక బగ్‌ను ఆరుచోట్ల సరిచేయాలి, ఒక చోట మరిచిపోతారు. కొత్త ఫీచర్లు ఆగిపోతాయి, ఇంజనీర్లు విసిగి వెళ్లిపోతారు. బయటికి మాత్రం ఆదాయం పెరుగుతున్నట్టే కనిపిస్తుంది కాబట్టి తప్పు ఎక్కడ మొదలైందో ఎవరూ గుర్తించరు. ఇది ఆ సలహాదారు తెలివితేటలకు సంబంధించిన విషయం కాదు. ఆయన ముప్పై ఏళ్లు గెలిచిన ఆట నియమాలు వేరు.

రెండోది విదేశీ కంపెనీల భారత కేంద్రాలు, ఇప్పుడు జీసీసీలు అంటున్నవి. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో డిజైన్ కేంద్రం పెట్టినప్పటి నుంచి ఈ దారి ఉంది. ఇక్కడి నుంచి వచ్చినవాళ్లు మంచి ఇంజనీర్లను వెతకడంలో, నిలబెట్టుకోవడంలో, నాణ్యత విషయంలో గట్టివాళ్లు. సెమీకండక్టర్ డిజైన్‌లాంటి లోతైన పని వచ్చినవాళ్లు కావాలంటే వేరే దిక్కు కూడా లేదు. వాళ్లకు ఎదురుకానిది అమ్మకం. ధర ఎంత పెట్టాలి, ఏ కస్టమరుకు ముందు అమ్మాలి, ఏ ఫీచర్‌ను వదిలేయాలి అన్నవి చాలాకాలం ప్రధాన కార్యాలయంలోనే తేలేవి. కేంద్రానికి డబ్బు సాధారణంగా ఖర్చుకు కొంత శాతం కలిపి మాతృసంస్థ నుంచి వస్తుంది, కస్టమరు ముఖం చూసి సంపాదించేది కాదు. జీసీసీ అధిపతిని ప్రొడక్ట్ అమ్మకాలకు సలహాదారుగా పెట్టుకునే ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఆ ప్రొడక్ట్ ధర ఎవరు నిర్ణయించేవారు?"

మూడోది ప్రొడక్ట్ కంపెనీలు. చెన్నై ఇందులో ప్రత్యేకం. 1996లో అడ్వెంట్‌నెట్‌గా మొదలైన జోహో నుంచి బయటికి వచ్చినవాళ్లు 2010లో ఫ్రెష్‌వర్క్స్ పెట్టారు, అది 2021 సెప్టెంబరులో నాస్‌డాక్‌లో లిస్టయింది. చార్జ్‌బీ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కూడా ఆ నీడలో పెరిగిందే. ఈ బడిలో నేర్చుకున్నవాళ్లకు చెన్నైలో కూర్చుని అమెరికాలోని చిన్న వ్యాపారికి నెలవారీ చందాతో సాఫ్ట్‌వేర్ అమ్మడం వచ్చు: వెబ్‌సైటుకు వచ్చినవాడిని ట్రయల్‌లోకి దించడం, ట్రయల్ నుంచి చందాలోకి తేవడం, నెలనెలా ఎంతమంది మానేస్తున్నారో లెక్కపెట్టడం. ఇంత పనికొచ్చే విద్యకూ హద్దు ఉంది. మీ కస్టమరు ప్రభుత్వ బ్యాంకో రాష్ట్ర ప్రభుత్వ శాఖో అయితే అక్కడ టెండరు, అర్హత నిబంధనలు, పైలట్, బిల్లు పాసయ్యే దాకా నెలల నిరీక్షణ. ట్రయల్ లెక్కలు అక్కడ పనిచేయవు. అక్కడికి కావాల్సింది ఆ బ్యాంకులోనే ఐటీ కొనుగోళ్లు చూసి రిటైరైన మనిషి. ఆయన ఫొటో స్లైడు మీద అంత మెరవదు, కానీ ఏ కాగితం ఏ టేబుల్ దగ్గర ఆగుతుందో చెప్పగలరు.

రెడ్‌బస్ సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 2005 దీపావళికి ఊరెళ్లడానికి బస్సు టికెట్ దొరక్క ఫణీంద్ర సామాకు వచ్చిన ఆలోచన అది. 2006లో సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి బెంగళూరులో మొదలుపెట్టారు. ముగ్గురూ ఇంజనీర్లు, బస్సుల వ్యాపారం వాళ్లకు కొత్త. వ్యవస్థాపకుల సంఘమైన టై బెంగళూరు శాఖ మార్గదర్శక కార్యక్రమంలో చోటు దొరకడంతో వ్యాపారం నడిపినవాళ్లు పక్కన కూర్చున్నారు, 2007లో సీడ్‌ఫండ్ అనే వెంచర్ ఫండ్ పెట్టుబడి పెట్టింది, 2013లో ఐబిబో గ్రూపు ఆ కంపెనీని కొన్నది. వ్యవస్థాపకులకు లేనిదేదో దాన్ని పూరించగలిగినవాళ్లే సలహాదారులుగా పనికొస్తారు. ఇంజనీర్లే ముగ్గురున్న కంపెనీ నాలుగో ఇంజనీరును సలహాదారుగా తెచ్చుకుంటే సమావేశాలు హాయిగా సాగుతాయి, ఖాళీ ఖాళీగానే ఉంటుంది.

ఇన్వెస్టరే సలహాదారు అయినప్పుడు

వెంచర్ ఫండ్ మనుషుల హోదాలూ విప్పి చూడాల్సినవే. అసోసియేట్ కంపెనీలను వెతికి తెస్తారు, డబ్బు మీద నిర్ణయం ఆయనది కాదు. ప్రిన్సిపల్ మధ్యస్థం. జనరల్ పార్ట్‌నర్ లేదా మేనేజింగ్ పార్ట్‌నర్ చేతిలో ఇన్వెస్ట్‌మెంట్ కమిటీ ఓటు ఉంటుంది. వెంచర్ పార్ట్‌నర్ అంటే చాలాసార్లు పార్ట్ టైం, ఓటు ఉండకపోవచ్చు. కార్డు మీద పార్ట్‌నర్ అన్న మాట చూసి తర్వాతి రౌండు (పెట్టుబడి విడత) ఖాయమనుకున్న వ్యవస్థాపకులు దెబ్బతినేది ఇక్కడే.

ఫండ్ నిజంగా ఉందా అన్నది సులువుగా తేలుతుంది. మన దేశంలో వెంచర్ ఫండ్లు సెబీ 2012 ఏఐఎఫ్ (ప్రత్యామ్నాయ పెట్టుబడి నిధుల) నిబంధనల కింద నమోదు కావాలి, నమోదైన ఫండ్ల జాబితా సెబీ వెబ్‌సైటులో ఉంటుంది. పేరు అక్కడ లేకపోతే సొంత డబ్బు పెడుతున్నారా, విదేశీ ఫండా, ఇంకా నిధులు సమీకరిస్తున్నారా అని సూటిగా అడగవచ్చు. అడిగితే నొచ్చుకునేవారు ఉండరు.

ఇంకా ముఖ్యం ఫండ్ వయసు. సాధారణంగా ఫండ్ ఎనిమిది నుంచి పదేళ్లు నడుస్తుంది, మొదటి మూడు నాలుగేళ్లలో కొత్త పెట్టుబడులు పెడుతుంది, ఆపైన డబ్బు వెనక్కి తేవాలి. నిర్వాహకులకు ఏటా సుమారు 2 శాతం ఫీజు, లాభంలో 20 శాతం వాటా అన్నది వాడుకలో ఉన్న లెక్క. రెండో ఏట ఉన్న ఫండ్ మనిషి "ఇంకా పెంచండి, ఖర్చు గురించి ఆలోచించకండి" అంటారు. ఎనిమిదో ఏట ఉన్న ఫండ్ మనిషి "మంచి ధర వస్తే అమ్మేద్దాం" అంటారు. ఇద్దరూ నిజాయితీపరులే కావచ్చు. సలహా వినేవాడికి ఆ ఫండ్ ఏ ఏడాది మొదలైందో తెలిసి ఉండాలి.

కెరీర్‌ను బట్టి చూస్తే, కంపెనీ నడిపి ఇన్వెస్టరైనవాళ్లు నియామకాలు, ధరలు, సహవ్యవస్థాపకుల తగాదాల్లో పనికొస్తారు. బ్యాంకింగ్, కన్సల్టింగ్ నుంచి వచ్చినవాళ్లు టర్మ్ షీట్ (పెట్టుబడి ఒప్పంద ముసాయిదా) షరతుల్లో, కంపెనీ అమ్మకం బేరంలో దిట్టలు. మొదటి పదిమంది కస్టమర్ల గురించి వాళ్లను అడిగితే పుస్తకంలోని జవాబే వస్తుంది.

బోర్డు వేరు, సలహా మండలి వేరు

2023 జూన్‌లో బైజూస్ మాతృసంస్థ థింక్ అండ్ లర్న్ బోర్డు నుంచి ఇన్వెస్టర్లైన పీక్ ఎక్స్‌వీ, ప్రోసస్, చాన్ జుకర్‌బర్గ్ ఇనీషియేటివ్‌ల ప్రతినిధులు ముగ్గురు తప్పుకున్నారు, ఆడిటర్‌గా ఉన్న డెలాయిట్ కూడా తప్పుకుంది. మరుసటి నెలలో ఎస్‌బీఐ మాజీ ఛైర్మన్ రజనీష్ కుమార్, ఇన్ఫోసిస్ మాజీ సీఎఫ్ఓ మోహన్‌దాస్ పాయ్ సలహా మండలిలో చేరారు. ఇద్దరివీ తిరుగులేని కెరీర్లు. వాళ్ల ఏడాది గడువు 2024 జూన్ 30తో ముగిసింది, పొడిగించుకోలేదు. జూలైలో బీసీసీఐ బకాయి కేసులో బెంగళూరు ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల వివాదాలు తేల్చే ట్రిబ్యునల్) ఆ కంపెనీని దివాలా ప్రక్రియలోకి తీసుకుంది. ఇందులో సలహా ఇచ్చినవాళ్ల తప్పు వెతకనక్కర్లేదు. సలహా మండలికి కంపెనీల చట్టంలో చోటే లేదు. మండలి సభ్యుడికి ఓటు ఉండదు, లెక్కల మీద సంతకం ఉండదు, డైరెక్టర్ల మీద 166వ సెక్షన్ పెట్టే బాధ్యతలేవీ ఉండవు. బోర్డు ఖాళీ అయినచోట సలహా మండలి ఎంత మెరిసినా అది బోర్డు పని చేయలేదు.

కాబట్టి స్లైడులోని పెద్దల్లో ఎవరు బోర్డులో ఉన్నారో ముందు తేల్చుకోవాలి. వెబ్‌సైటు అడుగున నిబంధనల పేజీలోనో, ఆఫర్ లెటర్ తలకట్టులోనో కంపెనీ అసలు పేరు ఉంటుంది, బ్రాండు పేరుతో వెతికితే దొరకదు. ఆ పేరుతో కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో మాస్టర్ డేటా తెరవాలి. అక్కడ 21 అక్షరాలు, అంకెల సిన్ (కంపెనీ గుర్తింపు) నంబరు కనిపిస్తుంది. మొదటి అక్షరం లిస్టయిందో లేదో చెబుతుంది, తర్వాత అయిదంకెల పరిశ్రమ కోడు, రెండక్షరాల రాష్ట్రం, నాలుగంకెల నమోదు సంవత్సరం. "పదేళ్ల అనుభవమున్న కంపెనీ" అని చెప్పి సిన్‌లో 2022 ఉంటే అక్కడే ఒక ప్రశ్న పుడుతుంది. కిందే డైరెక్టర్ల పేర్లు, డిన్ (డైరెక్టర్ గుర్తింపు) నంబర్లు, నియామక తేదీలు ఉంటాయి. నామినీ డైరెక్టర్ అని ఉంటే ఎవరో ఇన్వెస్టరు తమ మనిషిని బోర్డులో కూర్చోబెట్టారని అర్థం. డైరెక్టరు చేరినా వెళ్లినా 30 రోజుల్లో డీఐఆర్-12 ఫారం వేయాలి కాబట్టి తేదీలను చాలావరకు నమ్మవచ్చు. ఏడాదిలో ఇద్దరు నామినీలు వెళ్లిపోయి కొత్తవాళ్లు రాకపోతే, ఎందుకో తెలుసుకోకుండా ఆఫర్ మీద సంతకం పెట్టకూడదు.

కొద్దిపాటి ఫీజు కడితే అదే పోర్టల్‌లో దాఖలు చేసిన పత్రాలు చూడవచ్చు. ఎంజీటీ-7 వార్షిక రిటర్నుతో వాటాదారుల జాబితా, షేర్ల కేటాయింపు ఫారమైన పాస్-3తో కొత్తగా షేర్లు పొందినవాళ్ల జాబితా జతచేసి ఉంటాయి. సలహాదారు సొంత పేరున డబ్బు పెట్టి ఉంటే అక్కడ కనబడతారు. లేకపోతే ఆయనది పేరు సాయమో, కాగితం మీది మాటో, ఫండ్ ద్వారా పెట్టిన డబ్బో అయి ఉండాలి.

వాటా ఇచ్చేటప్పుడు

వ్యవస్థాపకుల వైపు నుంచి జరిగే తప్పు చాలాసార్లు ఒకేలా ఉంటుంది. కాఫీ తాగుతూ "మీకు ఒక శాతం" అంటారు, దాన్ని వాట్సాప్‌లో ఖరారు చేస్తారు. ఏ రోజు నాటి ఒక శాతం? తర్వాతి రౌండులో తగ్గుతుందా? రెండుసార్లు ఫోనెత్తి మానేస్తే? ఏడాదిన్నర తర్వాత పెద్ద రౌండులో లాయర్లు క్యాప్ టేబుల్ (ఎవరికెంత వాటా అన్న పట్టిక) తవ్వుతున్నప్పుడు ఆ వాట్సాప్ మెసేజీ బయటికి వస్తుంది. అలా అయిదుగురికి ఇస్తే 5 శాతం పనిచేయని చేతుల్లో ఇరుక్కుంటుంది. కొత్త ఇన్వెస్టర్లు ముందుగా వేలు పెట్టి చూపించేది దాన్నే.

స్టార్టప్ శిక్షణ సంస్థ ఫౌండర్ ఇన్‌స్టిట్యూట్ సలహాదారుల కోసం తయారుచేసిన ఫాస్ట్ ఒప్పంద నమూనా చాలామంది వాడతారు. అందులో ఆలోచన దశలోని కంపెనీలో సాధారణ సలహాదారుకు 0.25 శాతం, నిపుణుడికి 1 శాతం, కంపెనీ ఎదిగేకొద్దీ తక్కువ. రెండేళ్లలో నెలనెలా దక్కేలా, మొదటి మూడు నెలలు క్లిఫ్‌గా (ఆలోగా మానేస్తే ఏమీ దక్కకుండా) ఉంటుంది. ఒప్పందంలో శాతం బదులు షేర్ల సంఖ్య రాయడం మేలు. మొత్తం 10,00,000 షేర్లుంటే 0.25 శాతం అంటే 2,500, నెలకు సుమారు 104. ఏడో నెల చివర మానేస్తే 729 షేర్ల దగ్గర లెక్క ఆగుతుంది, తగాదాకు తావుండదు.

చట్టంలో ఒక చిక్కు ఉంది. ఈసాప్‌లు ఉద్యోగులకు, డైరెక్టర్లకు ఇచ్చేవి, బయటి సలహాదారుకు కుదరవు. స్వెట్ ఈక్విటీ (పనికి ప్రతిఫలంగా ఇచ్చే షేర్లు) కూడా అంతే, పైగా మూడేళ్లు అమ్మకూడదు. బయటి మనిషికి షేర్లు ఇవ్వాలంటే ప్రైవేట్ ప్లేస్‌మెంట్ (ఎంచుకున్నవాళ్లకే షేర్లు అమ్మే పద్ధతి) దారి: రిజిస్టర్డ్ వాల్యూయర్ నివేదిక, ప్రత్యేక తీర్మానం, బ్యాంకు ద్వారా చేరిన డబ్బు, 60 రోజుల్లో కేటాయింపు, ఆపైన 15 రోజుల్లో పాస్-3. అది వేసేదాకా ఆ డబ్బు ముట్టుకోకూడదు. ఇదంతా భారమనుకుంటే, షేర్లు ఇవ్వకుండా వాటి విలువ పెరుగుదల మేరకు నగదు చెల్లించే ఫాంటమ్ ఒప్పందం రాసుకుంటారు. అమెరికాలో ఉన్న తెలుగు పెద్దను సలహాదారుగా తీసుకుంటే ఫెమా (విదేశీ మారక చట్టం) కూడా తోడవుతుంది: షేరు ధర న్యాయమైన విలువకు తగ్గకూడదు, కేటాయించిన 30 రోజుల్లో ఎఫ్‌సీ-జీపీఆర్ ఫారం రిజర్వు బ్యాంకుకు దాఖలు చేయాలి. "షేర్లు ఊరికే రాసిచ్చేస్తాం" అన్న మాట ఇక్కడ చెల్లదు.

సలహాదారు ఇంకా ఉద్యోగంలో ఉంటే ఆయన యజమాని రాతపూర్వక అనుమతి ఉందో లేదో చూడాలి. పోటీ సంస్థలకు పనిచేస్తున్న 300 మందిని తొలగించామని 2022 సెప్టెంబరులో విప్రో ప్రకటించాక ఈ విషయంలో కంపెనీలు గట్టిగా ఉంటున్నాయి. అనుమతి లేకపోతే ఆయన పేరు ఏదో ఒక రోజు స్లైడ్ నుంచి మాయమవుతుంది. ఆయన చెప్పిన ఆలోచనలు తమవని ఆ యజమాని సంస్థ అంటే చిక్కు ఇంకా పెద్దది.

చివరిగా ఫోన్లు. వరంగల్ ఎన్ఐటీలో సీనియరనో, మన జిల్లా వాడనో, "మనవాడే కదా" అనుకుని ఈ పనిని వదిలేస్తారు. మనవాడైతే వాకబు చేయడం ఇంకా తేలిక. ఆయన కింద పనిచేసిన ఒకరితో, పక్కన పనిచేసిన ఒకరితో, ఆయన సలహాదారుగా ఉండి మూతపడిన కంపెనీ వ్యవస్థాపకుడితో మాట్లాడాలి. మూడో ఫోనులో చెప్పేది ఎక్కడా రాసి ఉండదు. "ఆయన మంచివారా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు. "జీతాలకు డబ్బు లేని నెలలో ఫోను ఎత్తారా? ఎవరికి పరిచయం చేశారు? ఆయన చెప్పింది విని మీరు మార్చుకున్న నిర్ణయం ఒకటి చెప్పండి" అని అడగాలి. జవాబులో తేదీ, మనిషి, పని ఉంటే ఆ సలహాదారు పనిచేసినట్టు. చేరబోయే ఉద్యోగి అయితే ఇదే ప్రశ్నను ఇంటర్వ్యూ చివర వ్యవస్థాపకుడినే అడగవచ్చు: గత మూడు నెలల్లో స్లైడులోని ఎవరితో ఏ విషయం మాట్లాడారు?